పాత గేముకు పాత డబ్బానా, ఎమ్యులేటరా? కర్నూలు మారియో చెప్పే లెక్క

కర్నూలు టీవీల్లో పరిగెత్తిన మారియో, అమెరికా టీవీల్లో పరిగెత్తిన మారియో కన్నా నెమ్మదస్తుడు. దీనికి కారణం మన కరెంటు లోఓల్టేజీ అనుకునేరు, టీవీ లెక్కే వేరు. అమెరికా, జపాన్ టీవీలు ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో సెకనుకు 60 సార్లు తెర గీసేవి. మన దేశం ఎంచుకున్న పాల్ పద్ధతిలో ఆ సంఖ్య 50. 1983లో జపాన్‌లో వచ్చిన ఫ్యామికామ్ (తర్వాత అమెరికాలో ఎన్‌ఈఎస్ పేరుతో అమ్మినది) గేములు తెర ఒకసారి గీస్తే ఒక అడుగు వేసేలా రాసినవి. 60కి రాసిన గేమును 50 మీద ఆడిస్తే ఆటంతా దాదాపు 17 శాతం మందగిస్తుంది.

సూపర్ మారియో మొదటి లెవెల్లో పైన 400 నుంచి తగ్గుతూ వచ్చే గడియారం ఉంటుంది. అది తెర 24 సార్లు గీసినప్పుడల్లా ఒక అంకె దిగుతుంది. 60 లెక్కన సున్నాకు చేరడానికి 160 సెకన్లు పడితే, 50 లెక్కన 192. గంటకింత అని డబ్బులు కట్టి వీడియో గేము అంగళ్ళలో ఆడిన పిల్లలకు ఇది ఒక రకంగా నష్టమే: అదే గంటలో అమెరికా పిల్లవాడి కన్నా తక్కువ లెవెళ్ళు దాటారు. గోతి మీంచి దూకడానికి కాస్త ఎక్కువ వ్యవధి దొరికిందనుకుంటే లాభం కూడా.

ఇంకో మెలిక ఉంది. మన ఇళ్ళల్లోకి వచ్చిన టీవీ గేములు చాలావరకు నింటెండో చేసినవి కావు. తైవాన్ చిప్‌లతో తయారైన క్లోన్‌లు, అంటే నకళ్ళు. క్యాసెట్ మీద లక్షల్లో గేములున్నట్టు అంకెలుండేవి. పెట్టి చూస్తే ఓ పాతిక గేములే పేర్లు మార్చుకుని తిరిగి తిరిగి వచ్చేవి. పాల్ దేశాల కోసం యూఎంసీ కంపెనీ చేసిన క్లోన్ చిప్, నింటెండో వాళ్ళ సొంత పాల్ మెషీన్‌లా ఉండదు. నింటెండో పాల్ మెషీన్ ప్రాసెసర్ 1.66 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. అందుకే యూరప్‌లో చాలా గేముల పాట నెమ్మదించడమే కాక, స్వరం కూడా కిందికి జారింది. క్లోన్ చిప్ 1.77 దగ్గర నడుస్తుంది, అంటే జపాన్ మెషీన్ 1.79కి దాదాపు సమానం. కాబట్టి దాంట్లో పాట శ్రుతి సరిగ్గానే ఉంటుంది, తాళం మాత్రం విలంబితంగా నడుస్తుంది. ఇదే రకం చిప్‌తో రష్యాలో డెండీ అనే క్లోన్ ఊరూరా అమ్ముడైంది. ఆ పేరే ఎమ్యులేటర్లలో, అంటే పాత మెషీన్‌లా నటించే ఇప్పటి ప్రోగ్రాముల్లో, స్థిరపడింది.

ఇప్పుడు ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో ఎన్‌ఈఎస్ ఎమ్యులేటర్ దించుకుని కాంట్రా పెట్టిన నలభై ఏళ్ళవాడు ‘ఏందప్పా, ఇది ఉరుకుతా ఉంది’ అంటాడు. చేతులు మొద్దుబారాయేమో అనుకుంటాడు. వయసు మీద నెపం వేయనక్కర్లేదు. ఎమ్యులేటర్ అతనికి ఇస్తున్నది అమెరికా మెషీన్. ఎఫ్‌సీఈయూఎక్స్, మెసెన్ లాంటి ఎమ్యులేటర్ల సెట్టింగుల్లో రీజియన్ అనే చోట డెండీ అని పెడితే, పాతికేళ్ళ కిందటి వేగం తిరిగొస్తుంది.

పాత గేములను పాత మెషీన్ మీదే ఆడాలనే వాళ్ళకూ, ఎమ్యులేటర్ చాలనే వాళ్ళకూ మధ్య జరిగే వాదనలో ‘అసలు’ అనే మాట చాలాసార్లు వస్తుంది. న్యూయార్క్‌లో కూర్చున్నవాడికి ఆ మాట సులువు: అటక మీద ఉన్న నింటెండో పెట్టె అసలు, ల్యాప్‌టాప్‌లో ఉన్నది నకలు. రాయలసీమలో మాత్రం అటక మీద ఉన్నదే నకలు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని అసెంబుల్ చేసిన కంప్యూటర్, దాంట్లో ఏదో చైనా సౌండ్ కార్డు, చేతులు మారీ మారీ వచ్చిన ఫ్లాపీ. కాబట్టి మన ప్రశ్న కొంచెం మార్చి వేసుకోవాలి: గేములో మనకు ముఖ్యమైంది వేగమా, బొమ్మా, చప్పుడా, చేతికి తగిలే బటనా? ఒక్కోదానికి జవాబు ఒక్కో రకంగా ఉంటుంది.

గొంతు అనుకరించడం, గొంతుక కట్టడం

ఎమ్యులేటర్లన్నీ ఒకే పని చేయవు. నేరెళ్ల వేణుమాధవ్ వేదిక మీద నిలబడి ఒక నటుడి గొంతు పలికించినప్పుడు, ఆయనకు ఆ నటుడి స్వరపేటిక అక్కర్లేదు. వినేవాడి చెవికి ఏది చేరాలో అది చేర్చాడు. పాత పీసీ గేములు ఆడించే ఎమ్యులేటర్, 2002లో మొదలైన డాస్‌బాక్స్ పద్ధతి అదే. గేము డాస్‌ను (విండోస్‌కు ముందు పీసీలను నడిపిన వ్యవస్థ) ఏమడుగుతుందో దానికి తగిన జవాబు తనే ఇస్తుంది. దాని లోపల మైక్రోసాఫ్ట్ డాస్ ఉండదు, బయోస్ (ఆన్ చేయగానే మెషీన్‌ను లేపే ప్రోగ్రాము) ఉండదు, హార్డ్‌డిస్కు తిరిగే చప్పుడు ఉండదు. గేము మోసపోతే చాలు.

86బాక్స్ లాంటివి రెండో రకం. ఇవి స్వరపేటికనే కట్టడానికి చూస్తాయి. ఫలానా మదర్‌బోర్డు, ఫలానా చిప్‌సెట్, దాని అసలు బయోస్, ఫలానా గ్రాఫిక్స్ కార్డు అని ఎంచుకుంటాం. ఆన్ చేస్తే మెమరీ లెక్కపెడుతుంది, డిలీట్ నొక్కితే సెటప్‌లోకి పోతుంది, డాస్ మనమే ఎక్కించుకోవాలి. నమ్మకంగా ఉంటుంది గానీ బరువు. ఒక పెంటియం మెషీన్‌ను ఇలా పూర్తి వేగంతో నడపాలంటే ఇప్పటి కంప్యూటర్ కూడా గట్టిదే కావాలి.

డాస్ కాలపు గేముల్లో చిక్కంతా వేగం దగ్గరే. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలోని 8088 ప్రాసెసర్ వేగం 4.77 మెగాహెర్ట్జ్. ఈ వింత అంకె ఎక్కడిదంటే, అమెరికా కలర్ టీవీ సిగ్నల్ నుంచి. టీవీకి కూడా కలపవచ్చని ఐబీఎం వాళ్ళు బోర్డు మీద 14.318 మెగాహెర్ట్జ్ స్ఫటికం ఒకటే పెట్టి, దాన్ని మూడుతో భాగించి ప్రాసెసర్‌కు, పన్నెండుతో భాగించి టైమర్‌కు ఇచ్చారు. డాస్ గడియారం సెకనుకు 18.2 సార్లు కొట్టుకోవడం వెనక కథ ఇదే. అంటే పాల్ టీవీ దేశంలో అమ్ముడైన కంప్యూటర్లలో కూడా గుండె మాత్రం ఎన్‌టీఎస్‌సీ లెక్కనే కొట్టుకుంది.

మొదటి తరం ప్రోగ్రామర్లలో కొందరికి ఆ టైమర్ వాడే ఓపిక లేకపోయింది. మెషీన్లన్నీ ఒకే వేగం కదా అని, ఊరికే అంకెలు లెక్కపెట్టే లూపు ఒకటి పెట్టి కాలయాపన చేయించారు. 1983 నాటి డిగ్గర్ అలాంటిదే. పెంటియం మీద పెడితే మనం చెయ్యి కదిపే లోపే ఆట ముగుస్తుంది. పైగా అది సీజీఏ అనే తొలి తరం రంగుల కార్డుతో నేరుగా మాట్లాడేలా రాసింది కాబట్టి, తర్వాత వచ్చిన వీజీఏ కార్డు మీద బొమ్మ కూడా సరిగ్గా రాదు. పాత క్యాబినెట్ల ముందు ఉన్న టర్బో బటన్ పుట్టిందే ఈ బాధ తీర్చడానికి. పేరు చూస్తే నొక్కితే వేగం పెరుగుతుందనిపిస్తుంది. దాని అసలు ఉపయోగం తగ్గించడం. అప్పట్లో ఇన్‌స్టిట్యూట్లలో దాన్ని వేగం కోసమే నొక్కి ఉంచేవాళ్ళం, ఎందుకుందో ఎవరూ చెప్పలేదు.

ఈ జబ్బు ఆటలకే అంటలేదు. టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన చాలా ప్రోగ్రాములు పెంటియం టూ రాగానే మొదలవడం మానేసి ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అని చూపించేవి. ప్రాసెసర్ ఎంత వేగమో కొలిచే చిన్న లెక్కలో వచ్చిన జవాబు, దానికిచ్చిన చోట్లో పట్టక పొంగిపోయేది. మెషీన్ మరీ మంచిదైనందుకు ప్రోగ్రాము చచ్చిపోవడమన్న మాట.

ఈ విషయంలో డాస్‌బాక్స్‌ది స్పష్టమైన పైచేయి. సైకిల్స్ అనే అంకె మార్చి వేగం కావలసినంతకు దించుకోవచ్చు. ఆట నడుస్తుండగానే కంట్రోల్ ఎఫ్11 నొక్కితే తగ్గుతుంది, ఎఫ్12 నొక్కితే పెరుగుతుంది. 300 ప్రాంతంలో పెడితే తొలి పీసీ వేగం వస్తుంది. ఒకే పాత కంప్యూటర్ కొని 1983 గేమూ, 1996 గేమూ రెండూ సవ్యంగా ఆడాలంటే కుదరదు. కనీసం రెండు డబ్బాలు కావాలి. ఇంట్లో వాళ్ళు ఒప్పుకోవాలి.

తెర దగ్గర ఓడిపోవడం

బొమ్మ విషయానికొస్తే తక్కెడ రెండో వైపు మొగ్గుతుంది. దీనికి కారణం కంప్యూటర్ కన్నా తెర. లావుపాటి పిక్చర్ ట్యూబ్ టీవీ, దాని అన్నదమ్ముడైన సీఆర్‌టీ మానిటర్.

టీవీ గేముతో పాటు ఒక ప్లాస్టిక్ తుపాకీ వచ్చేది, బాతుల్ని కొట్టడానికి. అది తూటా ఏమీ పంపదు. అదొక కన్ను మాత్రమే. ట్రిగ్గర్ నొక్కగానే గేము తెరనంతా ఒక్క క్షణం నల్లగా చేసి, వెంటనే బాతు ఉన్నచోట తెల్లటి చతురస్రం గీస్తుంది. తుపాకీలోని కన్నుకు నలుపు తర్వాత తెలుపు కనబడితే దెబ్బ తగిలినట్టు. ఈ పని సెకనులో అరవయ్యో వంతు లెక్కల్లో జరగాలి. ఎల్‌సీడీ టీవీ వచ్చిన బొమ్మను ముందు లోపల పెట్టుకుని, సాఫు చేసి, ఆ తర్వాత చూపిస్తుంది. ఆ ఆలస్యంలో బాతు తప్పించుకుపోతుంది. పైగా తుపాకీ కన్ను పిక్చర్ ట్యూబ్‌లో కిరణం గీసే ప్రత్యేకమైన మిణుకునే పట్టుకునేలా తయారైంది. ఎల్‌సీడీ వెలుగులో ఆ మిణుకు లేదు. ఎమ్యులేటర్ దీనికి మౌస్ ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. ఆ పాత తుపాకీతోనే ఆడే సరదా కావాలంటే మాత్రం పాత టీవీ వెతుక్కోవలసిందే, వేరే దారి దాదాపు లేదు.

డాస్ గేముల్లో చిక్కులు ఇంత మొండివి కావు గానీ ఉన్నాయి. వీజీఏ రోజుల్లో చాలా గేములు అడ్డం 320, నిలువు 200 చుక్కలతో గీసేవి. ఆ చుక్కలు చదరం కావు. 4:3 కొలతల తెర నిండేలా సాగినప్పుడు ఒక్కో చుక్క వెడల్పు కన్నా 1.2 రెట్లు ఎత్తుంటుంది. చిత్రకారులు ఆ సాగుడును లెక్కలోకి తీసుకునే గీశారు. దాన్ని చదరపు చుక్కలతో ల్యాప్‌టాప్‌లో చూపిస్తే ప్రిన్స్ ఆఫ్ పర్షియా రాజకుమారుడు పొట్టిగా, బొద్దుగా కనిపిస్తాడు. పాత డాస్‌బాక్స్‌లో ఆస్పెక్ట్ అనే సెట్టింగు మొదట్లో ఆపి ఉంటుంది, వేసుకోవాలి. తర్వాత వచ్చిన డాస్‌బాక్స్ స్టేజింగ్‌లో అది ముందే సరిచేసి ఉంటుంది. ఇంకొకటి: ఆ గేములకు వీజీఏ కార్డు సెకనుకు 70 సార్లు తెర గీసేది, ఇప్పటి మామూలు ల్యాప్‌టాప్ తెర 60 సార్లు. ఆ పది ఎక్కడో రాలిపోవాలి కదా. పక్కకు జరిగే బొమ్మల్లో సన్నటి కుదుపు కనిపిస్తే తప్పు ఎమ్యులేటర్‌ది కాదు.

పిక్చర్ ట్యూబ్ చుక్కల అంచుల్ని కాస్త కరిగించి కలుపుతుంది. కదిలే బొమ్మను ఎల్‌సీడీ కన్నా స్పష్టంగా కూడా చూపిస్తుంది, ఎందుకంటే ఒక్కో గీత ఒక్క రెప్పపాటు వెలిగి ఆరిపోతుంది; ఎల్‌సీడీలో బొమ్మ తర్వాతిది వచ్చేదాకా అలాగే నిలబడి కంటికి అలుక్కుపోతుంది. షేడర్లనే ఫిల్టర్లు ఈ కరుగుదలను బాగానే అనుకరిస్తాయి. నా మటుకు నాకు మంచి తెర మీద మంచి షేడర్ పెడితే తొంభై శాతం సరిపోతుందనిపిస్తుంది. కాదని వాదించేవాళ్ళ కళ్ళు నాకన్నా మంచివి కావచ్చు.

ఎమ్యులేటర్లు నిజంగా తలదించుకున్న సందర్భం ఒకటుంది. 2015లో జర్మనీలో జరిగిన రివిజన్ అనే డెమో పోటీలో (మెషీన్ సత్తా చూపించే ప్రోగ్రాముల పోటీ) 8088 ఎంపీహెచ్ అనే ప్రదర్శన వచ్చింది. నాలుగు రంగుల సీజీఏ కార్డు అని అందరూ చిన్నచూపు చూసిన దానితో 1024 రంగులు చూపించింది, అదీ 4.77 మెగాహెర్ట్జ్ తొలి పీసీ మీద. అప్పుడున్న ఏ ఎమ్యులేటరూ దాన్ని సరిగ్గా నడపలేకపోయింది. చిప్‌ల మధ్య ఏ క్షణంలో ఏం జరుగుతుందో అంత ఖచ్చితంగా వాటికి తెలియదు మరి. తర్వాత మార్టీపీసీ లాంటివి ఆ స్థాయి అందుకున్నాయి. అయితే ఆ రంగుల కిటుకు కూడా ఎన్‌టీఎస్‌సీ టీవీ వైరు మీద ఆధారపడిందే. మన పాల్ టీవీకి తగిలిస్తే అసలు మెషీన్ మీద కూడా ఆ రంగులు రావు.

మన ఇన్‌స్టిట్యూట్లలో డీబేస్, లోటస్ నేర్చుకుంటూ మధ్యలో ఆడిన ప్రిన్స్‌కు అసలు రంగులే లేవని గుర్తు చేసుకోవాలి. హెర్క్యులిస్ కార్డు, ఒంటి రంగు మానిటర్. నీలి రంగు గోడలున్న ప్రిన్స్‌ను ఇప్పుడు చూసి ‘మేం ఆడింది ఇది కాదే’ అనేవాళ్ళకు మందు డాస్‌బాక్స్‌లోనే ఉంది: మెషీన్ అనే చోట హెర్క్యులిస్ అని రాసుకోవాలి. ఆకుపచ్చ, కాషాయం, తెలుపు ఛాయలు కూడా మార్చుకోవచ్చు. ‘ప్రిన్స్ మెగాహిట్’ అని కొట్టి లోపలికిపోయి, షిఫ్ట్ ఎల్‌తో లెవెళ్ళు దాటేసే దొంగదారి అందులోనూ పనిచేస్తుంది.

చప్పుడులో తిరకాసు

సౌండ్ దగ్గర నకలే అసలును మించిపోయింది. 1987లో ఆడ్‌లిబ్ కార్డుతో వచ్చిన యమహా ఓపీఎల్2 చిప్, తర్వాతి సౌండ్ బ్లాస్టర్లలోని ఓపీఎల్3, ఈ రెండూ డాస్ గేముల పాటలకు ప్రాణం. తొంభైల చివర్లో ఖర్చు తగ్గించుకోవడానికి సౌండ్ బ్లాస్టర్ కంపెనీయే తన కొన్ని కార్డుల్లో యమహా చిప్ తీసేసి, సీక్యూఎం అనే సొంత అనుకరణ పెట్టింది. పాట అదే గానీ రేకు మీద కొట్టినట్టు మోగుతుంది. మన అసెంబుల్డ్ మెషీన్లలో ఎక్కువ కనబడిన ఈఎస్ఎస్ కార్డులు కూడా యమహాను పోలిన సొంత చిప్‌తోనే వచ్చాయి, కాకపోతే అవి పరవాలేదు.

మరోవైపు నూకెడ్ ఓపీఎల్3 అనే ఎమ్యులేషన్ యమహా చిప్‌ను లోపల విప్పి చూసి, దాని గణితాన్ని బిట్టు బిట్టుకూ సరిపోలేలా రాసింది. డాస్‌బాక్స్ స్టేజింగ్‌లో మోగేది అదే. అంటే 1998లో కొన్న, పెట్టె మీద పేరున్న అసలు కార్డు కన్నా ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ యమహాకు దగ్గరగా ఉంది. ‘నిజమైన హార్డ్‌వేర్’ అని ప్రమాణం చేసేవాళ్ళు ముందు తమ కార్డు మీద చిప్ పేరు చదువుకోవాలి.

కర్నూలు ఎండలో పాత డబ్బా

ఇక పాత మెషీనే కావాలనుకున్నవాళ్ళ సంగతి. ముందు అది దొరకాలి. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడినప్పుడు పాతబస్తీలో, పల్లపు వీధుల్లో కింద గదుల్లో ఉన్న సామానంతా బురద పాలైంది. కంప్యూటర్లేమీ మినహాయింపు కాదు. మిగిలినవి మూతబడ్డ ఇంటర్నెట్ సెంటర్ల నుంచి, ఆఫీసుల నుంచి కిలోల లెక్కన స్క్రాపుకు పోయాయి. పాత సిరామిక్ ప్రాసెసర్లలో బంగారం కాస్త ఎక్కువ కాబట్టి, 486 బోర్డు ఆట ఆడేవాడి చేతికన్నా ముందు కరిగించేవాడి చేతికి చేరుతుంది.

దొరికిందనుకుందాం. వెంటనే ప్లగ్గు పెట్టకండి. 386, 486 బోర్డుల మీద పీపా ఆకారంలో ఉండే నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. అది కారిందంటే ఆ క్షారం రాగి గీతల్ని తినేస్తుంది. పచ్చగా బూజు పట్టినట్టు కనబడితే బ్యాటరీ కత్తిరించి, వెనిగర్‌తో తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి బాగా ఆరబెట్టాలి. పెంటియం నుంచి వచ్చిన బిళ్ళ బ్యాటరీలకు ఈ పీడ లేదు.

తర్వాత ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటును మెషీన్‌కు తగ్గట్టు మార్చే పెట్టె. వెనక ఎర్రటి స్విచ్ 115 మీద ఉండి, గోడ నుంచి 230 వచ్చిందంటే ఢామ్మని పేలుడే. పాత ఏటీ క్యాబినెట్లలో మదర్‌బోర్డుకు కరెంటు రెండు ముక్కల కనెక్టరుగా వస్తుంది. ‘నలుపు పక్కన నలుపు’ అన్నది అసెంబ్లింగ్ నేర్చుకున్న ప్రతివాడికీ మొదటి పాఠం. తిరగేసి పెడితే బోర్డు దక్కదు.

ఎండ మరో శత్రువు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు వేడి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా సుమారుగా సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో వాడుక లెక్క ఒకటుంది. రోహిణి కార్తెలో గదే నలభై దాటి ఉంటే, పక్కనే సీఆర్‌టీ మానిటర్ ఇంకో కుంపటిలా వేడి కక్కుతుంటే, డబ్బా లోపలి సంగతి ఊహించుకోవచ్చు. 2000 ప్రాంతంలో వచ్చిన బోర్డుల్లో కెపాసిటర్లే నాసిరకం ద్రవంతో తయారై పైకి ఉబ్బి చచ్చాయి, ప్రపంచమంతా. వాటిని మార్చడం చేయి తిరిగినవాడికి చిన్న పనే. సీఆర్‌టీ లోపల మాత్రం చేయి పెట్టొద్దు. 25,000 వోల్టుల దాకా ఉంటుంది, ప్లగ్గు పీకినా చాలాసేపు ట్యూబులో నిలిచే ఉండొచ్చు. ఆ పని టీవీ మెకానిక్కుకే వదిలేయాలి.

పొడి గాలి ఒక మేలు చేసింది. కోస్తాలో ఫ్లాపీల మీద పట్టినంత బూజు మన దగ్గర పట్టదు, క్యాబినెట్ అంత తుప్పు పట్టదు. దుమ్ము సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మెషీన్ బతికాక చిత్రమైన మార్పు మొదలవుతుంది. హార్డ్‌డిస్కు పోతే దాని చోట కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు పెడతారు. అది విద్యుత్‌పరంగా ఐడీఈ డిస్కులాగే మాట్లాడుతుంది కాబట్టి సులభం. పాత బయోస్‌లకు 504 మెగాబైట్లకు మించి కనబడదని మాత్రం గుర్తుంచుకోవాలి. ఫ్లాపీ డ్రైవు పోతే దాని స్థానంలో గోటెక్ అనే పెట్టె వస్తుంది; పెన్‌డ్రైవు పెడితే అది ఫ్లాపీలా నటిస్తుంది. కెపాసిటర్లు కొత్తవి, ఎస్‌ఎంపీఎస్ కొత్తది, తెర ఎల్‌సీడీ. అసలు మెషీన్ అనుకుంటున్న దాంట్లో ఫ్లాపీ డ్రైవు ఎమ్యులేషన్, హార్డ్‌డిస్కు ఎమ్యులేషన్. ఎమ్యులేటర్ వాడనని భీష్మించుకున్నవాడి డబ్బాలోనే రెండు ఎమ్యులేటర్లు కూర్చున్నాయి.

ఈ రెంటికీ మధ్యన ఎఫ్‌పీజీఏ ఉంది. మిస్టర్ అనే ప్రాజెక్టు ఒక చిన్న బోర్డు మీద చిప్ లోపలి తీగల అమరికనే మార్చి, పాత సర్క్యూట్‌ను మళ్ళీ కడుతుంది. దాంట్లో 486 స్థాయి పీసీ కూడా ఉంది. ప్రోగ్రాము వరసగా లెక్కలు చేసే బదులు, సర్క్యూట్లన్నీ ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి ఆలస్యం బాగా తగ్గుతుంది. అంతమాత్రాన అది తప్పులు చేయదని కాదు. కట్టినవాడికి తెలిసినంతే అదీ అనుకరిస్తుంది. ఖరీదు చూస్తే సరదాకి కొనే వస్తువు కాదు.

విండోస్ 98 గేముల గొడవ

రోడ్ రాష్, నీడ్ ఫర్ స్పీడ్ టూ కాలం వాళ్ళకు నా సలహా మారుతుంది. డాస్ గేములకు ఎమ్యులేటర్ హాయి. 1995 నుంచి 2003 దాకా వచ్చిన విండోస్ గేములే అటూ ఇటూ కాకుండా ఇరుక్కున్నాయి. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను అసలు నడపదు. గేము 32 బిట్‌దే అయినా దాని ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది కావడం అప్పట్లో మామూలు, దాంతో గుమ్మంలోనే ఆగిపోతుంది. విచిత్రంగా, లైనక్స్‌లో వైన్ (విండోస్ ప్రోగ్రాములను అక్కడ నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుంటే ఆ ఇన్‌స్టాలర్ నడుస్తుంది. కాపీ కొట్టకుండా సేఫ్‌డిస్క్ అనే తాళం వేసిన ఒరిజినల్ సీడీలు ఇంకో కథ: ఆ తాళానికి అవసరమైన డ్రైవర్‌ను 2015లో మైక్రోసాఫ్ట్ భద్రత పేరుతో ఆపేసింది. డబ్బు పెట్టి ఒరిజినల్ కొన్నవాడికి గేము రాదు, బర్మాబజార్ కాపీ కొన్నవాడికి వస్తుంది. న్యాయం ఎటుందో చెప్పలేం.

ఈ కాలానికి మాత్రం పెంటియం త్రీ డబ్బా ఒకటి, విండోస్ 98తో, ఇంటర్నెట్ తగిలించకుండా పెట్టుకోవడం ఇప్పటికీ మేలైన దారి. బిళ్ళ బ్యాటరీ, ఏటీఎక్స్ సప్లై, దాదాపు ప్రతిదానికీ విడిభాగం దొరుకుతుంది, మెకానిక్కుకు కూడా అలవాటే. చాలా పాత మెషీన్ కన్నా కొంచెం పాత మెషీన్ కొనడం తెలివైన పని.

చట్టం గురించి రెండు ముక్కలు. ఎమ్యులేటర్ రాయడం నేరం కాదు. అమెరికాలో సోనీ వేసిన కేసులో 2000లో ప్లేస్టేషన్ ఎమ్యులేటర్ చేసిన కనెక్టిక్స్ కంపెనీ వైపు తీర్పు వచ్చింది. చిక్కంతా గేము కాపీ దగ్గరే. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, ప్రోగ్రామును న్యాయంగా పొందినవాడు పాడవుతుందన్న భయంతో ఒక బ్యాకప్ తీసుకోవడాన్ని ఒప్పుకుంటుంది. ఎవరో అప్‌లోడ్ చేసింది దించుకోవడం ఆ గొడుగు కిందికి రాదు. గాగ్ (GOG) లాంటి ఆన్‌లైన్ అంగళ్ళలో పాత డాస్ గేములు డాస్‌బాక్స్‌తో సహా అమ్ముతారు. డూమ్ గేములో మొదటి ఎపిసోడ్ మాత్రం మొదటినుంచీ ఉచితమే.

డబ్బాను స్క్రాపుకు వేయాలని తీర్మానించుకున్నవాళ్ళు ఒక పని చేసి వేయండి. గేము ఎక్కడైనా దొరుకుతుంది. మీ ఫ్లాపీలో, హార్డ్‌డిస్కులో ఉన్న హై స్కోరు పట్టిక, ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరో రాసిన బ్యాచ్ ఫైలు మెనూ, సగంలో సేవ్ చేసిన ఆట ఇంకెక్కడా దొరకవు. మూడున్నర అంగుళాల ఫ్లాపీ అయితే మూలనున్న చిన్న కిటికీ తెరిచి, అంటే దాని మీద ఏదీ రాయబడకుండా చేసి, యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవులో పెట్టి మొత్తం డిస్కును ఒకే ఇమేజ్ ఫైలుగా, అంటే ఉన్నదున్నట్టు నకలుగా, తీయాలి. ఫైళ్ళు విడిగా కాపీ చేస్తే సరిపోదు. ఐదుంపావు అంగుళాలవి యూఎస్‌బీ డ్రైవులు చదవవు. వాటికి పాత డ్రైవు ఒకటి పట్టి, గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డుతో కంప్యూటర్‌కు తగిలించాలి. అది ఫైళ్ళ జోలికి పోకుండా అయస్కాంతపు గుర్తుల్నే నేరుగా చదువుతుంది, అందుకే సగం చెడిన డిస్కులు కూడా కొన్నిసార్లు పలుకుతాయి. ఒకసారి చదవకపోతే డ్రైవు హెడ్డును ఆల్కహాల్‌తో తుడిచి మళ్ళీ పెట్టండి. హార్డ్‌డిస్కును మాత్రం పదే పదే ఆన్ చేసి పరీక్షించకండి; తిరిగిన మొదటిసారే ఇమేజ్ తీసేయండి. ఆ ఇమేజ్‌ను డాస్‌బాక్స్‌లో imgmount కమాండుతో తగిలిస్తే మీ సీ డ్రైవు మీరు వదిలేసిన చోటే తెరుచుకుంటుంది.